బోణీ అయ్యేదాకా లేవని అత్త

ఉచితంగా ఇస్తామన్నదాన్ని బేరమాడి మరీ వదిలించుకుని వచ్చిన మనిషి ఈ శ్రీకాకుళం జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. చెప్పిన ధరలో సగానికి అడగడం ఎవరైనా చేస్తారు. అసలు ధరే లేనిదాన్ని పట్టుకుని, "ఇది మాకొద్దు గానీ, దీని బదులు ఇంకోదాంట్లో తగ్గించండి" అనడానికి పెట్టిపుట్టాలి. నేను పెట్టిపుట్టాను. విజయనగరంలో మా నాన్నది పప్పుల కొట్టు. కందిపప్పు బస్తాల మీద పాకుతూ పెరిగాను. కొసరు అంటే ఏమిటో నడక వచ్చేసరికే నాకు తెలుసు: ముందు తూకంలో తీసేసుకుని, తర్వాత అందరూ చూస్తుండగా గుప్పెడు వెనక్కి వేయడం. ఊరికే వచ్చేది ఏదైనా సరే, దాని డబ్బు అప్పటికే మన దగ్గర పట్టేసి ఉంటారు, లేదా పట్టబోతారు. ఈ జ్ఞానంతోనే ఆ రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మని ఓడించాను.

మా అత్త పెరట్లో జారిపడి కుడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి లోపల ఇనుము పెట్టారు. కుట్లు విప్పించుకోవడానికి తీసుకెళ్ళినప్పుడు స్కానింగ్ చూసే డాక్టరమ్మ మమ్మల్ని ఆపింది. వయసు ముప్పై దాటి ఉండదు, మాట మెత్తన.

"తుంటి ఆపరేషన్ అయినవాళ్ళకి ఒత్తిడి పడే చోట్ల చర్మం కింద ఏమైనా దెబ్బతింటోందేమో స్కాన్ చేసి చూస్తున్నామండీ. మామ్మగారికి కూడా చూస్తాను. డబ్బేమీ తీసుకోం."

"మా అత్తకి పుండ్లేం లేవమ్మా."

"పుండు పడ్డాక స్కాన్ దేనికండీ, కంటికే కనిపిస్తుంది కదా. పడకముందే కనిపిస్తుందేమోనని చూస్తున్నాం."

ఆ మాటతో నాకంతా అర్థమైపోయింది. లేని పుండుకి స్కాను. ఆ తర్వాత పడబోయే పుండుకి మందు. ఆ మందు పనిచేయాలంటే ఏదో కంపెనీ పరుపు. గాలం ఎలా ఉంటుందో చేపకి తెలియకపోవచ్చు, గాలాలు అమ్మేవాళ్ళింట్లో పుట్టినదానికి తెలియదా?

"స్కాన్ వద్దు గానీ, దాని బదులు ఫిజియోథెరపీలో కొంచెం తగ్గించండి" అన్నాను.

ఆవిడ నవ్వింది. "లేని ధరలోంచి ఎంత తగ్గించమంటారు?"

"మీరే ఒక మాట చెప్పండి."

నేను వేళాకోళం ఆడుతున్నాననుకుంది పాపం. నేను బేరం మొదలుపెట్టాను. చివరికి ఏమీ తగ్గలేదు, కానీ ఏమీ అంటగట్టించుకోకుండా బయటపడ్డాం. ఆటోలో అత్త నా తొడ మీద చరిచింది.

"బాగా సేసావే. ఊరికే ఇస్తే ఫినాయిలైనా తాగేస్తారు జనాలు. మనం తాగం."

మా అత్త నన్ను మెచ్చుకోవడం అరుదు. ఆ మెచ్చుకోలు నాకు ఆరోజంతా తియ్యగా ఉంది.

నా అత్తవారిది శ్రీకాకుళం బజారులో పాత్రల కొట్టు. ఇత్తడి, రాగి, స్టీలు. కొట్టు వెనకే ఇల్లు. పప్పుల కొట్టుకీ పాత్రల కొట్టుకీ తేడా నాకు కాపురానికి వచ్చిన వారంలోనే తెలిసింది. పప్పుల కొట్లో తలుపు తీసీ తీయకముందే బోణీ అయిపోతుంది. చారెడు సెనగపప్పుకైనా ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. పాత్రల కొట్లో అలా కాదు. తెల్లవారగానే ఎవరికీ బిందె అవసరం రాదు. బోణీ ఎప్పుడవుతుందో దేవుడికి తెలియాలి. అయ్యేవరకు మా అత్త గల్లా పెట్టె దగ్గర నుంచి లేవదు. అది ఆవిడ అత్త పెట్టిన కట్టడి. బోణీ కాకుండా లేస్తే లక్ష్మి కూడా లేచి వెళ్ళిపోతుందట.

కూర్చునేది టేకు బల్ల మీద. ఒకసారి నేను దాని మీద బొంత వేస్తే చీవాట్లు పెట్టింది. "మెత్తటిదాని మీద కూసుంటే బేరం కూడా మెత్తబడిపోతాది. తియ్యి." నేను తీసేశాను. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది కూడా.

ఇంకో చిక్కు ఈమధ్య వచ్చింది. ఇప్పుడు జనం నోట్లు ఇవ్వడం మానేశారు. ఫోన్ చూపించి వెళ్ళిపోతారు. డబ్బు పడిందని గోడకున్న డబ్బా ఊరంతా వినేలా అరుస్తుంది. మా ఆయన, "అమ్మా, బోణీ అయిపోనాది, లే" అంటే అత్త ఒప్పుకోదు. "డబ్బా అరిసినంత మాత్రాన బోణీ అయిపోద్దేటి? నా సేతిలో పడాల, కళ్ళకి అద్దుకోవాల." అంటే ఒకరు కొంటే చాలదు, నోటు ఉన్నవాళ్ళు కొనాలి.

ఎముకల డాక్టరు మమ్మల్ని ఇంటికి పంపేముందు ఒక్క మాట చెప్పాడు: పడుకోబెట్టి ఉంచకండి, కూర్చోబెడుతూ ఉండండి అని. మా ఇంట్లో కూర్చోవడం అంటే ఒకటే అర్థం. పొద్దున్నే చక్రాల కుర్చీలో గల్లా దాకా తెచ్చి, నేనూ మా ఆయనా చెరో చంకకింద చేయి వేసి అత్తని టేకు బల్ల మీదికి దించేవాళ్ళం. డాక్టరు మాట నెగ్గింది, అత్త కట్టడి నెగ్గింది. ఇంతకంటే ఏం కావాలి?

మేం గమనించనిది ఒకటి ఉంది. ఒంట్లో బాగున్నప్పుడు అత్త ఆ బల్ల మీద కూర్చున్నా ఒక్కచోట కూర్చున్నట్టు కాదు. పైనున్న తపేలా అందుకోవడానికి సగం లేచేది. పాత ఇత్తడి తూచడానికి ముందుకి వంగేది. బజారులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడటానికి అటూ ఇటూ కదిలేది. ఇప్పుడు కాలు సాయం లేదు. దించినచోట దించినట్టే ఉండేది. పైగా అది ఆషాఢం. పెళ్ళిళ్ళు లేవు, సారెలు లేవు. కొట్టుకొచ్చేవాళ్ళు వాన తగ్గేదాకా నిలబడేవాళ్ళే. బోణీ అయ్యేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ అయ్యేది.

కొన్నాళ్ళకి అత్త ఎడమ పక్కకి ఒరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. కుడి తుంటి కోశారు కదా, ఆ పక్క బరువు పెట్టలేక ఒరుగుతోంది అనుకున్నాం; ఆ బరువంతా ఎడమ పిర్ర మోస్తోందని ఆలోచించలేదు. అడిగితే, "నాకేటి? బాగానే ఉన్నాను" అనేది. నేను తెలివితక్కువదాన్ని కాదు. స్నానం చేయించేటప్పుడు రోజూ వెనకంతా చూసేదాన్ని. ఎర్రగా ఉందా, కమిలిందా, తడిగా ఉందా అని. చింతపండు తొక్క చూసి లోపల పురుగుందో లేదో చెప్పే కళ్ళు నావి. ఎక్కడా ఎరుపు లేదు. అత్తది చామనఛాయ కంటే ఇంకా ముదురు. ఆ ఒంటి మీద ఎరుపు అంత తేలిగ్గా కనపడదని నాకు తట్టలేదు. ఎందుకైనా మంచిదని వెన్ను చివర నువ్వుల నూనె వేసి గట్టిగా మర్దనా చేసేదాన్ని. మందుల షాపులో బెడ్‌సోర్ రాకుండా అని గాలి ఊదే రబ్బరు చక్రం ఒకటి అమ్ముతుంటే, చెప్పిన ధర విని రెండుసార్లు మెట్లు దిగి, మూడోసారి పిలిపించుకుని కొన్నాను. మంచం మీద దాన్ని వేస్తే అత్త అంది: "ఇదేటే, నన్ను భావనపాడు సముద్రంలో ఈతకి దింపుతావేటి?"

అలా నడుస్తుండగా ఒక రోజు వాన ఆగిన పొద్దుటిపూట ఒకావిడ వచ్చింది. శ్రీకూర్మం వైపు మనిషి. శ్రావణంలో కూతురి పెళ్ళట. ముందే సామాను చూసుకుందామని వచ్చింది. పెద్ద ఇత్తడి బిందె దింపించింది, గోటితో కొట్టి చప్పుడు విన్నది, ధర అడిగింది. అత్త చెప్పింది. ఆవిడ చెంగుముడి విప్పుతూ అంది:

"బోణీ బేరం మామ్మా. సగానికి ఇచ్చీ, పట్టుకెల్లిపోతాను."

ఇది మామూలే. సగానికి అడగడం ఆవిడ ధర్మం. "సగానికి మూత కూడా రాదమ్మా" అనడం మా ధర్మం. అక్కడి నుంచి కాసేపు పెళ్ళికొడుకు ఏం చేస్తాడు, మీది ఏ ఊరు, మీ చుట్టాలంతా మా దగ్గరే కొంటారు అంటూ ఒక రేవుకి చేరతాం. నేను గిన్నెలు తుడుస్తూ అత్త జవాబు కోసం చెవి పెట్టాను. మా అత్త బేరం వినడం నాకు కచేరీ వినడం లాంటిది.

"పట్టుకెల్లు" అంది అత్త.

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. మా ఆయన లెక్క రాస్తున్నవాడు తలెత్తాడు. అందరికంటే ఎక్కువ భయపడింది కొనడానికి వచ్చినావిడే. బిందెని ఎత్తి వెలుతురుకి పెట్టి లోపలికి తొంగి చూసింది.

"ఏటి మామ్మా, చిల్లుందేటి?"

"లేదమ్మా. నువ్వు అడిగినావు, నానిచ్చినాను. నోటియ్యి."

"పాతదానికి మెరుగు పెట్టినారేటి మరి?"

"కొత్తదే. తీసుకోయే!"

అంత తొందరపెట్టేసరికి ఆవిడకి అనుమానం ముదిరిపోయింది. విప్పిన ముడి మళ్ళీ వేసేసింది. "మా అన్నని తీసుకుని మల్లొస్తాను మామ్మా" అని బిందె అక్కడే దించి వెళ్ళిపోయింది.

"అమ్మకి మతి గానీ తప్పిందేటే?" అన్నాడు మా ఆయన నాతో, గొంతు తగ్గించి.

నేను అత్త మొహం చూశాను. వెళ్ళిపోతున్న బేరం వెనకాలే చూస్తోంది. కింది పెదవి పళ్ళ కింద ఉంది. కళ్ళలో నీళ్ళు. మావయ్య పోయినప్పుడు కూడా కొట్లో కూర్చుని ఏడవని మనిషి. మతి తప్పితే ధర మరిచిపోతారు. ఈవిడ మరిచిపోలేదు. ఎంతకైనా సరే, ఎవరికైనా సరే అమ్మేసి, ఆ బల్ల మీద నుంచి లేవాలనుకుంది. మా ఇంట్లో ఎవరూ నష్టానికి అమ్మరు, ప్రాణం మీదికి వస్తే తప్ప.

నేను బొడ్డులో దోపుకున్న నోట్లు తీసి గల్లా ముందుకి వచ్చి నిలబడ్డాను.

"ఆ బిందె నేను కొంటన్నానత్తా. బోణీ సెయ్యి."

అత్త నా వైపు చూసింది. నోట్లు చూసింది.

"నీకు సగం ధర లేదు" అంది.

పూర్తి ధర ఇచ్చాను. కళ్ళకద్దుకుంది, పెట్టెలో వేసింది, అప్పుడు రెండు చేతులూ మా మెడల చుట్టూ వేసింది. లేపుతుంటే నా చెవి దగ్గర అంది: "కింద నిప్పులేసినట్టుందే."

లోపల మంచం మీద పక్కకి తిప్పి చూశాను. పైకి ఎప్పటిలాగే ఉంది. చెయ్యి పెట్టాను. ఎడమ పిర్ర కింద, సరిగ్గా ఎముక ఆనే చోట, చుట్టూ ఉన్న ఒంటికంటే వేడిగా తగిలింది. కాస్త గట్టిపడి ఉంది. తాకగానే అత్త మంచం పట్టె పట్టుకుంది.

ఆటో పిలిచాం. దారంతా నేను డాక్టరమ్మకి ఏం చెప్పాలో కూర్చుకున్నాను. అప్పుడు వద్దన్నదాన్ని ఇప్పుడు కావాలని ఏ మొహంతో అడగాలి? కాదన్న బేరానికి తిరిగి వెళ్తే ధర పెరుగుతుందని ఎవరు చెప్పాలి నాకు? అవసరం మొహంలో కనపడనివ్వకూడదని అనుకుంటూనే వెళ్ళాను. ఆవిడ గది గుమ్మంలో నిలబడగానే నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది:

"అమ్మా, ఎంతైనా ఇస్తాం, చూడండి."

ఆవిడకి నేను గుర్తున్నాను. "ఎంత తగ్గించమంటారు?" అని మాత్రం అని, చేతికి తొడుగులు వేసుకుంది.

ఆ గదిలో గోడకి పెద్ద బోర్డు ఉంది, ఇక్కడ ఆడో మగో చెప్పబడదు, అడగడం కూడా నేరం అని. అత్త స్కాన్ బల్ల మీద పక్కకి ఒరిగి, నొప్పిలో కూడా దాన్ని కూడబలుక్కుని చదివింది.

"నాకేటి పుడతాదో సెప్పరటే పిల్లా."

డాక్టరమ్మ చేతిలోని పరికరం కిందపడినంత పనైంది.

చల్లటి జిగురు రాసి, సబ్బుబిళ్ళంత ఉన్న పరికరాన్ని ముందు బాగున్న చోట ఆనించింది. తెర మీద బూడిద రంగు బొమ్మ. "ఇటు చూడండి. పైన తెల్లటి గీత ఉందే, అది చర్మం. దాని కింద కొవ్వు, దాని కింద కండ, అడుగున మెరుస్తోందే, అది ఎముక." చెప్పాక నాకూ కనిపించింది. బీరువాలో మడతపెట్టిన చీరల దొంతరలా, ఒకదాని కింద ఒకటి తీరుగా ఉన్నాయి పొరలు.

తర్వాత ఎడమ పక్కకి జరిపింది. పైన గీత అలాగే ఉంది, తెగలేదు. కానీ దాని కింద దొంతర చెదిరిపోయింది. ఎవరో ఆ చీరల మధ్య చెంబుడు నీళ్ళు ఒలకబోసినట్టు, అక్కడక్కడా నల్లటి మడుగులు. ఎముక దగ్గర పెద్దవి, పైకి వచ్చేకొద్దీ చిన్నవి. రోజూ దేని మీద కూర్చుంటారని అడిగింది; టేకు బల్ల సంగతి చెప్పాను.

"నల్లగా ఉన్నదంతా నీరు. ఎముకకీ బల్లకీ మధ్య కండ నలిగిపోయి ఊరింది. ఈ రకం దెబ్బ లోపలే మొదలవుతుందండీ, ఎముక పక్కన. చర్మం దాకా వచ్చేసరికి ఆలస్యమైపోతుంది."

వెన్ను చివర కూడా చూసింది. అక్కడ కూడా మడుగులు ఉన్నాయి, చిన్నవి. నూనె రాసి నేను మర్దనా చేసిన చోటది. ఇక రుద్దొద్దని చెప్పింది. నలిగినదాన్ని మళ్ళీ నలిపినట్టవుతుందట. రబ్బరు చక్రం సంగతి చెప్తే తల అడ్డంగా ఊపింది. మధ్యలో బోలుగా ఉన్నా చుట్టూ నొక్కి రక్తం రానివ్వదని, దాన్ని పక్కన పడేయమని చెప్పింది.

నేను మొలలో చెయ్యి పెట్టుకుని అడిగాను. "సరే. మందేం కొనాలి? పరుపు ఏ కంపెనీది?"

"ప్రస్తుతం మందేం లేదండీ. ఆ చోట బరువు పడకూడదు. అంతే. గాలి పరుపు ఉంటే మంచిదే, కానీ కొనక్కర్లేదు, అద్దెకి దొరుకుతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చండి. పూర్తిగా ఒత్తిగిలి కాదు, వీపు వెనక దిండు పెట్టి కాస్త ఒరిగేలా. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టండి. పాలు, పెరుగు, పప్పు బాగా పెట్టండి. బల్ల మీద మాత్రం కూర్చోకూడదు."

"ఎన్నాళ్ళు?"

"మళ్ళీ స్కాన్ చేసి చూసి చెప్తాను. తగ్గుతుందని మాటివ్వలేను. లోపల దెబ్బ తగిలిపోయింది. కొంత మానుతుంది, కొంత పైకి తేలి పుండు పడొచ్చు. ఇప్పుడే బరువు తీసేస్తే ఎక్కువ భాగం మిగులుతుందని నా ఆశ."

గాలం ఎక్కడా లేదు. మాకు అమ్మడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు. నా పుట్టింటి జ్ఞానం అంతటి అవమానం ఎప్పుడూ పడలేదు.

ఇంటికొచ్చి పక్కకి తిప్పి పడుకోబెట్టాక, గోడ వైపు చూస్తూ అత్త అంది:

"నా సెయ్యి పడకుండా కొట్టు నడిసిందంటే, నాను పోనాక నడిసినట్టే కదే."

డాక్టరమ్మ చెప్పినదంతా సులువే అనిపించింది నాకు ఆ మాట వినేవరకు. అత్త రేపు పొద్దున్న బల్ల ఎక్కుతానంటే ఆపేవాళ్ళం కాదు మేము. నలభై ఏళ్ళుగా బోణీ కాకముందు ఆవిడని ఆ బల్ల మీద నుంచి ఎవరూ లేపలేదు. ఎక్కిందంటే ఆ మడుగులు పైకి వస్తాయి. ఎక్కకపోతే మనిషి లోపల్లోపల కుంగిపోతుంది. జీవితంలో నేను గెలిచి తీరాల్సిన బేరం అదొక్కటే, ఎదుట ఉన్నది బేరంలో నన్ను మించిన అత్త.

"బోణీ నువ్వే సెయ్యత్తా. పడుకుని సెయ్యి" అన్నాను.

గుమ్మంలో ఉన్న మా ఆయన గాభరా పడ్డాడు. "పడుకుని బోణీ ఏటే? ఎక్కడైనా ఉందేటి? అశుభం!"

"వాడు సెప్పింది నిజమే" అంది అత్త. "కూసున్న సోటే లక్ష్మి."

"మరి శేషుడి మీద పడుకున్నాయన సంగతేటత్తా? యుగాల బట్టి పడుకునే లోకాల్ని నడిపిస్తన్నాడు. లక్ష్మి ఆయన కాళ్ళ కాడే కూసుని ఉన్నాది. ఆయన పడుకున్నాడని లేసి ఎల్లిపోయిందేటి?"

అత్త తల ఇటు తిప్పింది. బేరంలో మొదటి కదలిక నాకు తెలుసు. ఎదుటివాళ్ళు కాదనడం ఆపి, లోపాలు వెతకడం మొదలుపెడతారు.

"ఆయనకి పాము పరుపు. నాకు నవారు మంచం."

"పరుపు తెస్తాను."

"ఆయన ఎలగ పడుకుంటాడు? ఎల్లకిలానా?"

"కాదత్తా. ఓ పక్కకి ఒరిగి. డాక్టరమ్మ సెప్పినట్టే."

అత్త మెడ సాచి గుమ్మం వైపు చూసింది. "మంచం గల్లాకి ఎదురుగా ఉండాల. వచ్చేవోళ్ళు నాకు కనపడాల."

ఇంటికీ కొట్టుకీ మధ్య తలుపు గల్లా పక్కనే ఉంది. మంచం ఆ గుమ్మానికి ఆనించి వేశాం. గాలి పరుపు అద్దెకి తెచ్చాను. దానికో చిన్న మోటారు. గదులు గదులుగా గాలి ఎక్కిస్తూ తీస్తూ పొద్దస్తమానం బుస్సు బుస్సుమంటుంది. మొదటిసారి వీపు కింద పరుపు కదలగానే అత్త కళ్ళు పెద్దవి చేసింది. "శేషుడొచ్చినాడే!"

మర్నాటి నుంచి బోణీ మంచం మీద. వచ్చినవాళ్ళు నోటు పట్టుకుని గుమ్మం దాకా రావాలి. కొందరు ఇబ్బంది పడ్డారు. కొందరు ఒంట్లో ఎలా ఉందని అడిగి కాసేపు కూర్చుని, కొనాలనుకున్నదానికంటే ఇంకో గిన్నె ఎక్కువ కొన్నారు. పడుకున్న మనిషితో గట్టిగా బేరమాడటానికి జనానికి మొహమాటం. అది అత్త రెండో రోజుకే కనిపెట్టేసి, పెద్ద బేరం వచ్చినప్పుడల్లా కొంచెం ఎక్కువ మూలిగేది.

అన్నీ నవ్వులే కాదు. ఒక రోజు పక్క మారుస్తుంటే ఎడమ వైపు చర్మం నేరేడుపండు రంగులో కనిపించింది. మర్నాటికి బొబ్బ లేచింది, తర్వాత చిట్లింది. చింతగింజంత పుండు. డాక్టరమ్మ చూసి, డ్రెస్సింగ్ ఎలా మార్చాలో నర్సు చేత నాకు నేర్పించింది. మళ్ళీ స్కాన్ చేసింది. పుండు కింద ఇంకా కొంచెం నలుపు ఉంది. చుట్టూ ఉన్న పెద్ద మడుగులు మాత్రం ఇంకిపోతున్నాయి.

"మొదట చూసినంత మేరా పైకి వస్తుందేమోనని భయపడ్డానండీ. ఇంతతో ఆగేలా ఉంది" అంది.

ఆగింది. పుండు మానడానికి శ్రావణమంతా పట్టింది. వెన్ను చివర అసలు పుండే పడలేదు. చివరిసారి తీసిన బొమ్మని మొదటిదాని పక్కన పెట్టి చూపించింది. రెండోదాంట్లో దొంతర మళ్ళీ సర్దుకుని ఉంది. మునుపటంత తీరుగా కాదు, ఎవరో తొందరలో మడతపెట్టినట్టు. కానీ పొరలు పొరలుగా ఉంది, నీళ్ళు లేవు. అత్త మెడ తిప్పి ఆ తెర వైపు చూస్తూనే ఉంది. తన వీపు వెనక ఏముందో ఈ వయసులో చూస్తానని అనుకోలేదంది.

బయటికి వస్తూ నేను వెనక్కి వెళ్ళి అడిగాను. మొదటి రోజు నేను ఒప్పుకుని ఉంటే ఇది అప్పుడే కనిపించేదా అని.

డాక్టరమ్మ చేతిలోని బొమ్మలు పక్కన పెట్టింది. "తెలియదండీ. అప్పటికి మొదలై ఉండకపోవచ్చు. మడుగులు కనిపించినవాళ్ళందరికీ పుండు పడదు, ఏమీ కనిపించనివాళ్ళకీ ఒక్కోసారి పడుతుంది. మేమూ ఇంకా నేర్చుకుంటున్నాం. చూసి ఉంటే మాత్రం, బల్ల సంగతి అప్పుడే అడిగేదాన్ని."

ఇప్పుడు అత్త పొద్దున్నే వాకర్ పట్టుకుని గల్లా దాకా నడిచి వస్తుంది. మందపాటి దిండు మీద కూర్చుంటుంది. కాసేపయ్యాక బోణీ అయినా కాకపోయినా నేను లేపుతాను, నన్ను తిడుతూ లేస్తుంది, రెండడుగులు వేసి మళ్ళీ కూర్చుంటుంది. దిండు వల్ల బేరం మెత్తబడలేదు.

ఇక లెక్క. పరుపు అద్దె, ఆటోలు, డ్రెస్సింగ్ సామాను, ఇవి ఖర్చు. రబ్బరు చక్రం వృథా. నూనె మర్దనా వృథాకన్నా అధ్వాన్నం. స్కాన్లకి ఆవిడ పైసా తీసుకోలేదు, నేను ఇవ్వబోయినా. రాబడిలో వెన్ను చివర పడని పుండు వేస్తున్నాను. పడనిదానికి విలువ కట్టడం నాకు రాదు. పడి ఎముక దాకా వెళ్ళినవాళ్ళని ఆసుపత్రి వార్డులో చూశాను కాబట్టి, పెద్ద మొత్తమే అనుకుంటున్నాను. ఎడమ వైపు మచ్చ నష్టం. అందులో నేను వద్దన్న స్కాన్ వాటా ఎంత, టేకు బల్ల వాటా ఎంత అన్నది డాక్టరమ్మకే తేలలేదు, నేను తేల్చను. అత్త మునుపటిలా మధ్యాహ్నం దాకా ఒక్క చోట కూర్చోలేదు, ఇక ఎప్పటికీ కూర్చోకూడదు కూడా. అది పోయినట్టే రాసుకున్నాం. అన్నీ తీసేయగా మిగిలింది: రోజూ పొద్దున గల్లా దగ్గర కాసేపు అత్త, నొప్పి లేకుండా.